గడ్డ చుట్టుపక్కలవాళ్ళ లెక్క: నల్లగొండ నుంచి ఒక ల్యాబ్ డైరీ

మార్చి 4

థీసిస్ టాపిక్ ఖరారైంది. లింఫోమా (లింఫ్ గ్రంథుల్లో వచ్చే క్యాన్సర్) గడ్డలో క్యాన్సర్ కణాలను కాదు, వాటి చుట్టూ చేరిన రోగనిరోధక కణాలను లెక్కపెట్టాలి. ఆ లెక్కకూ పేషెంట్ ఎన్నాళ్ళు బాగుంటాడన్నదానికీ సంబంధం ఉందేమో చూడాలి. నల్లగొండలో పాథాలజీ పీజీ చేస్తున్న నా దగ్గరున్న సరంజామా ఇది: ఒక మైక్రోస్కోపు, గడ్డ ముక్కలను మైనంలో దాచిన పాత పారాఫిన్ బ్లాకులున్న బీరువా, సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్, మా టెక్నీషియన్ అన్న. ఇందులో చివరిదే అన్నిటికన్నా విలువైనది.

టాపిక్ విని అన్న నవ్వాడు. "దొంగను ఇడిసిపెట్టి చుట్టుపక్కలోళ్ళ లెక్క తీస్తవా సారూ?"

డైరీకి పేరు దొరికింది.

మార్చి 11

వారమంతా చదువుడే. మొదట హాడ్జ్‌కిన్ లింఫోమా పెట్టుకున్నాను, ఎందుకంటే చుట్టుపక్కలవాళ్ళ కథ అక్కడ ఉన్నంత స్పష్టంగా ఇంకెక్కడా ఉండదు. 1832లో థామస్ హాడ్జ్‌కిన్ ఈ జబ్బును వర్ణించినప్పుడు శవపరీక్షలో కంటికి కనిపించిన గ్రంథులనే వర్ణించాడు. అసలు క్యాన్సర్ కణాన్ని 1898లో స్టెర్న్‌బెర్గ్, 1902లో డొరొతీ రీడ్ వివరంగా రాశారు. ఆ రీడ్-స్టెర్న్‌బెర్గ్ కణాలు గడ్డలో ఎన్నుంటాయి? చాలా కేసుల్లో నూటికి ఒకటో రెండో. మిగతాదంతా రోగనిరోధక కణాలే: టీ కణాలు, ఇయోసినోఫిల్స్, ప్లాస్మా కణాలు, చెత్తను మింగే మాక్రోఫేజ్‌లు. అంటే మెడ మీద నిమ్మకాయంత గడ్డ కనిపిస్తే, అందులో క్యాన్సర్ వాటా గింజంత. మిగిలిన గుంపంతా అది పిలిపించుకున్నదే.

పిలిపించుకున్నది అని ఊరికే అనడం లేదు. ఆ కణాలు రసాయన సంకేతాలు వదిలి వీళ్ళను రప్పిస్తాయి. పైగా ఒంటి మీద పీడీ-ఎల్1 అనే ప్రొటీన్ కప్పుకుని, దాడికి వచ్చిన టీ కణాన్ని అక్కడికక్కడే చల్లబరుస్తాయి. ఈ బ్రేకును తీసేసే నివొలుమాబ్‌కు తిరగబెట్టిన హాడ్జ్‌కిన్‌లో 2016లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఈ బ్రేకుల పరిశోధనకే 2018లో ఆలిసన్, హోంజోలకు నోబెల్.

నన్ను ఈ టాపిక్‌లోకి లాగింది మాత్రం 2004లో వచ్చిన ఫాలిక్యులర్ లింఫోమా (నెమ్మదిగా పెరిగే ఒక రకం) పేపరు. చికిత్స మొదలుకాకముందు తీసిన 191 బయాప్సీల్లో జన్యువుల చురుకుదనం కొలిచారు. పేషెంట్ ఎంతకాలం బతుకుతాడో చెప్పిన జన్యువులు క్యాన్సర్ కణాలవి కావు, పక్కనున్న మామూలు కణాలవి. టీ కణాల జాడ బలంగా ఉంటే మంచి రోజులు, మాక్రోఫేజ్‌ల తరహా జాడ బలంగా ఉంటే చెడ్డ రోజులు. రాత్రి ఒంటిగంట దాకా ఆ గ్రాఫులే చూస్తూ కూర్చున్నాను.

తర్వాతి సంవత్సరం, 2005లో, కెనడాలోని వాంకూవర్ వాళ్ళు ఇంకా సులువు చేశారు. జన్యువుల చిప్ అక్కర్లేదు. మాక్రోఫేజ్‌ను పట్టించే సీడీ68 స్టెయిన్ (సీడీ68 ప్రొటీన్‌కు అంటుకునే యాంటీబాడీతో వేసే గోధుమరంగు) వేసి మైక్రోస్కోపులో చూడు. హై పవర్ ఫీల్డుకు (40 రెట్ల లెన్సులో ఒకసారి కనిపించే వలయానికి) 15 కన్నా ఎక్కువుంటే ఆ పేషెంట్‌కు కష్టకాలం. ఇది మన బీరువాతో అయ్యే పనే అనుకుని ఎగిరి గంతేశాను.

మా గైడ్ మేడంకు చూపిస్తే ఒకటే అడిగారు. "వాళ్ళ పేషెంట్లకు ఏ మందు ఇచ్చారో చదివావా?"

చదవలేదు.

మార్చి 19

ఎథిక్స్ కమిటీ అయింది. పేర్లు, ఊర్లు తీసేసి నెంబర్లు పెట్టమన్నారు. అయిదు నిమిషాల పనికి మూడు గంటలు కూర్చున్నాను.

మార్చి 27

బీరువా తెరిచాం. అసలు చిక్కు ఇక్కడే మొదలైంది.

మన దగ్గర మెడ కింద గడ్డ వస్తే ముందు ఎవరికైనా తట్టేది టీబీ. తప్పు కాదు, చాలాసార్లు అదే అవుతుంది కూడా. కానీ సూది పరీక్షలో తేలకపోయినా టీబీ మందులు మొదలుపెట్టి, రెండు నెలలు చూసి, తగ్గకపోతే అప్పుడు బయాప్సీకి పంపిన కేసులు ఒకటి కాదు. ఈలోపు ఊర్లో ఆర్‌ఎంపీ ఇచ్చిన స్టెరాయిడ్ సూదికి గడ్డ కరిగినట్టు అవుతుంది, ఇంటివాళ్ళు నిమ్మళపడతారు, నెలకు మళ్ళీ పెరుగుతుంది. స్టెరాయిడ్ పడ్డ లింఫోమాలో కణాలు చచ్చి స్లైడు గందరగోళంగా ఉంటుంది. చుట్టుపక్కలవాళ్ళు కూడా చెదిరిపోతారు. నేను లెక్కపెట్టబోయేది లింఫోమా పిలిపించుకున్న గుంపునా, సూది తర్వాత చెత్త ఎత్తడానికి వచ్చిన మాక్రోఫేజ్‌లనా?

అలాంటివి పక్కన పెట్టేశాను.

సూది పరీక్ష మాత్రమే జరిగినవీ పక్కకే. ఎఫ్‌ఎన్‌ఏసీలో కణాలు వస్తాయి గాని ఎవరు ఎవరి పక్కన ఉన్నారో తెలియదు. సంతలో జనాన్ని లారీలో ఎక్కించుకొచ్చి ఎవరి దుకాణం ఎక్కడుందో చెప్పమన్నట్టు ఉంటుంది. నాకు కావాల్సింది వాడకట్టు. గడ్డ మొత్తం తీసిన బయాప్సీలే పనికొస్తాయి.

మొదటి విడతకు ఆరు బ్లాకులు మిగిలాయి. అన్న వాటిని అరచేతిలో పెట్టుకుని చూశాడు. "గింతేనా సారూ?"

ఏప్రిల్ 8

స్టెయిన్ రోజు. పారాఫిన్ బ్లాకులో ప్రొటీన్లు ఫార్మలిన్‌తో ముడిపడి ఉంటాయి. వాటిని విప్పితేగాని యాంటీబాడీ అంటుకోదు. అందుకు మా దగ్గర ఉన్నది వంటింటి ప్రెషర్ కుక్కరే. యాంటీబాడీతో వచ్చిన కాగితంలో ట్రిస్-ఈడీటీఏ బఫర్, పీహెచ్ 9 అని ఉంది. బఫర్‌కు డిస్టిల్డ్ వాటర్ తప్పనిసరి. బోరు నీళ్ళు పోస్తే పీహెచ్ ఎటు పోతుందో చెప్పలేం, స్లైడు మీద తెల్లటి ఉప్పు మరకలు అదనం.

కానీ ఆ బోరు నీళ్ళే ఇంకోచోట పనికొచ్చాయి. కేంద్రకాలకు వేసే హెమటాక్సిలిన్ మొదట ఊదా ఎరుపులో ఉంటుంది, క్షారగుణమున్న నీళ్ళు తగిలితే నీలంగా మారుతుంది. నీళ్ళు అలా లేని ఊళ్ళలో ప్రత్యేకంగా ద్రావణం కలుపుకుంటారు. మా కుళాయి కింద పెడితే చూస్తుండగానే నీలం! ఫ్లోరైడ్ నీళ్ళతో ఎముకలు వంకరపోయిన జిల్లా మాది. పటిక, సున్నం వేసి ఆ ఫ్లోరైడ్ తీసే పద్ధతికి దేశమంతా "నల్లగొండ టెక్నిక్" అనే పేరు. ఆ నీళ్ళు ఇన్నాళ్ళకు నాకు ఒక మేలు చేశాయి.

సీడీ68లో కూడా రకాలున్నాయని ఇవాళే ఒంటబట్టింది. కేపీ1 అనే క్లోన్ (ఒక రకం యాంటీబాడీ) మాక్రోఫేజ్‌లతోపాటు వేరే మైలాయిడ్ కణాలనూ పట్టేస్తుంది. పీజీ-ఎం1 అనేది మాక్రోఫేజ్‌లకే ఎక్కువ కట్టుబడి ఉంటుంది. ఏ పేపర్‌లో ఏది వాడారో చూడకుండా అంకెలు పోల్చడం అంటే ఒకరు కిలోల్లో, ఒకరు శేర్లలో తూచి గొడవపడడమే.

ఏప్రిల్ 17

మూడు స్లైడుల మీద ముక్కలు ఊడిపోయి కుక్కర్ నీళ్ళలో తేలాయి. కోటింగ్ లేని మామూలు స్లైడులు ఒక కట్టలో కలిసిపోయాయట. అన్న రెండు రోజులు నా మొహం చూడలేదు. తప్పు నాదే, డబ్బా మీద రాసింది చదవకుండా ఇచ్చింది నేనే.

ఒక మంచి పని మాత్రం జరిగింది. కంట్రోల్ స్లైడుకు ఏం వాడాలా అని ఆలోచిస్తుంటే అన్నే అన్నాడు, "టీబీ గడ్డలు బోలెడున్నయ్ గద." నిజమే. టీబీ గ్రాన్యులోమా అంటేనే మాక్రోఫేజ్‌ల కుప్ప. ఒక టీబీ గ్రంథిని ప్రతి విడతలో పక్కన నడిపిస్తే, అది గోధుమరంగుకు వచ్చిందంటే స్టెయిన్ పనిచేసినట్టు.

ఏప్రిల్ 29

లెక్క మొదలు. ఒకే స్లైడు నేనూ జూనియరూ విడివిడిగా చూశాం. పది ఫీల్డుల సగటు నాది 24, తనది 16. ఎవరి కళ్ళు పాడయ్యాయని కాసేపు గొడవ. 15 గీతకు అటూ ఇటూ కాదు గాని, ఇంకో స్లైడులో ఇదే తేడా వస్తే నా లెక్కలో ఒక మనిషి చెడ్డ వరుసలో ఉంటాడు, తన లెక్కలో మంచి వరుసలో ఉంటాడు.

సాయంత్రానికి దొంగ దొరికాడు. కళ్ళు కాదు, కళ్ళద్దాలు. నా మైక్రోస్కోపు ఐపీస్ మీద ఫీల్డ్ నెంబర్ 22, తనది 18. దాన్ని లెన్సు పెంచే 40 రెట్లతో భాగిస్తే నాకు కనిపించే వలయం అడ్డకొలత 0.55 మిల్లీమీటర్లు, తనకు 0.45. వైశాల్యం లెక్కేస్తే నాది సుమారు 0.24 చదరపు మిల్లీమీటర్లు, తనది 0.16. అంటే నేను ఒకటిన్నర రెట్ల పొలంలో గొర్రెలను లెక్కపెడుతున్నాను! 24ను 0.24తో, 16ను 0.16తో భాగిస్తే ఇద్దరికీ చదరపు మిల్లీమీటరుకు వందే.

"హై పవర్ ఫీల్డుకు ఇన్ని" అని రాసి, ఆ ఫీల్డు ఎంతో రాయని పేపర్లు ఎన్నో. నాకు వాటి మీద ఇవాళ్టి నుంచి కోపం. స్టేజ్ మైక్రోమీటర్ తెప్పించి రెండు మైక్రోస్కోపులూ కొలిచాం. ఇక నుంచి అన్నీ చదరపు మిల్లీమీటరు లెక్కలోనే.

మే 6

ఇంకో నియమం. మాక్రోఫేజ్‌కు చేతులు ఎక్కువ. మూడు నాలుగు మైక్రాన్ల పలుచటి ముక్క కోసినప్పుడు కణం ఒకచోట, దాని చెయ్యి ఇంకోచోట పడుతుంది. గోధుమరంగు కనిపించిందల్లా లెక్కపెడితే ఒక్కడినే ముగ్గురిగా రాసినట్టు. కేంద్రకం కనిపిస్తేనే లెక్క.

బర్కిట్ లింఫోమా స్లైడు కూడా ఒకటి చూశాం, లెక్కకు కాదు, సరదాకి. చీకటి ఆకాశంలో చుక్కల్లా తెల్లటి మాక్రోఫేజ్‌లు. క్యాన్సర్ కణాలు ఎంత వేగంగా పెరుగుతాయో అంత వేగంగా చస్తుంటాయి, చచ్చినవాటిని ఇవి మింగుతుంటాయి. ఇవి క్యాన్సర్‌కు సాయం చేస్తున్నాయా, ఊడ్చేవాళ్ళా? స్టెయిన్‌కు రెండూ ఒకటే. సీడీ68 మనిషి ఉన్నాడని చెబుతుంది, ఏం పని చేస్తున్నాడో చెప్పదు. కొంతవరకైనా ఆ తేడా తెలుసుకోవాలంటే సీడీ163 లాంటి ఇంకో స్టెయిన్ కావాలి. మా దగ్గర లేదు.

మే 14

ఎండ 44. మధ్యాహ్నం కరెంటు పోయింది, యాంటీబాడీ ఉన్న ఫ్రిజ్ చుట్టూ నేనూ అన్నా కాపలా.

సాయంత్రం క్యూపాత్‌తో కుస్తీ. డబ్బులు అక్కర్లేని సాఫ్ట్‌వేర్ ఇది, బెల్‌ఫాస్ట్‌లో పుట్టింది. స్లైడు ఫోటో ఇస్తే గోధుమ, నీలం రంగులను విడదీసి కణాలు లెక్కపెడుతుంది. స్లైడు స్కానర్ లేదు కాబట్టి ఐపీస్‌కు ఫోన్ బిగించి తీసిన ఫోటోలే. వైట్ బ్యాలెన్స్ లాక్ చేయడం మర్చిపోతే ఒక ఫోటో పసుపు, ఒకటి నీలం. లాక్ చేశాక కొంచెం దారికొచ్చింది.

ఒక స్లైడులో మాత్రం సాఫ్ట్‌వేర్ నా లెక్కకు రెట్టింపు చెప్పింది. టెన్షన్‌తో మళ్ళీ చూస్తే, రక్తం ఉన్నచోటల్లా నలుపు కలిసిన గోధుమరంగు గింజలు. ఫార్మలిన్ పిగ్మెంట్. బఫర్ కలపని ఫార్మలిన్‌లో గడ్డను నానబెడితే రక్తంలోని హీమ్‌తో ఇలా రంగు పేరుకుంటుంది. ఆపరేషన్ థియేటర్‌లో ఎప్పుడో ఎవరో చేసిన పని ఇవాళ నా స్క్రీన్ మీద మాక్రోఫేజ్ వేషం వేసుకుని కూర్చుంది. అన్న పిక్రిక్ యాసిడ్ కలిపిన ఆల్కహాల్‌లో ముంచి ఆ గింజలను తీసేస్తాడట, ఇంకో ముక్క కోసి మళ్ళీ మొదటి నుంచి.

మే 25

మేడం మార్చిలో అడిగిన ప్రశ్నకు ఇవాళ జవాబు దొరికింది. ఇంత ఆలస్యంగా దొరకడం సిగ్గే.

వాంకూవర్ పేషెంట్లకు రిటుక్సిమాబ్ ఇవ్వలేదు. అది రాకముందు తరం చికిత్స వాళ్ళది. రిటుక్సిమాబ్ బీ కణం మీదున్న సీడీ20కి అంటుకునే యాంటీబాడీ. 1997లో అమెరికాలో అనుమతి వచ్చింది. మన హైదరాబాద్ డాక్టర్ రెడ్డీస్ 2007లో రెడిటక్స్ పేరుతో దాని బయోసిమిలర్ (దాదాపు అలాంటిదే అయిన మందు) తెచ్చింది. అదే 2007లో ఫిన్లాండ్ వాళ్ళు రిటుక్సిమాబ్, కీమో కలిపి తీసుకున్న ఫాలిక్యులర్ పేషెంట్లలో సీడీ68 లెక్కపెడితే లెక్క తిరగబడింది. మాక్రోఫేజ్‌లు ఎక్కువున్నవాళ్ళే బాగున్నారు! 2008లో ఫ్రెంచ్ వాళ్ళ ట్రయల్‌లో కీమో మాత్రమే తీసుకున్నవాళ్ళలో మాక్రోఫేజ్‌లు చెడ్డ గుర్తు. రిటుక్సిమాబ్ కలిపినవాళ్ళలో ఆ చెడు కనిపించకుండా పోయింది.

ఎందుకంటే ఆ మందు పని చేసే దారుల్లో మాక్రోఫేజ్ ఒకటి. యాంటీబాడీ తోకను పట్టుకునే గ్రాహకాలు దానికున్నాయి. తోక పట్టుకుని క్యాన్సర్ కణాన్ని మింగేస్తుంది. అన్నకు ఇలా చెప్పాను: దొంగ పెట్టిన బువ్వ తిని తోకాడించే కుక్క ఉందనుకో. దొంగ వీపుకు వాసన పూసి ఉసిగొల్పితే అదే కుక్క మీద పడి కరుస్తుంది.

"అంటే కుక్కలెన్ని అనేది గాదు సారూ, వాసన పూసిండ్రా లేదా అనేది."

ఇంత చిన్న మాటకు నాకు మూడు నెలలు పట్టింది.

హాడ్జ్‌కిన్‌లో సంగతి వేరే. రీడ్-స్టెర్న్‌బెర్గ్ కణాల మీద సీడీ20 చాలా కేసుల్లో ఉండదు, అందుకే అక్కడ మామూలు చికిత్సలో రిటుక్సిమాబ్ లేదు. 2010లో వచ్చిన పెద్ద అధ్యయనంలో సీడీ68 కణాలు ఎక్కువున్నవాళ్ళకు ఫలితాలు బాగాలేవు. తొలి దశలో ఉండి ఆ కణాలు తక్కువున్నవాళ్ళలో ఆ జబ్బుతో చనిపోయినవాళ్ళు లేరు. వేగంగా పెరిగే డిఫ్యూజ్ లార్జ్ బీ సెల్ లింఫోమాలో మాత్రం సీడీ68 పేపర్లు ఒకదానితో ఒకటి కొట్టుకుంటున్నాయి. అక్కడ 2008లో వచ్చిన జన్యు అధ్యయనం ఇంకో సంగతి చెప్పింది: కణాల మధ్య పీచు పదార్థం, హిస్టియోసైట్లు (కణజాలంలో ఉండే మాక్రోఫేజ్‌లు) కనిపించే పరిసరం మంచిది, కొత్త రక్తనాళాలు దట్టంగా మొలిచిన పరిసరం చెడ్డది.

టీ కణాల్లోనూ ఇలాంటి తిరకాసే. రోగనిరోధక దాడిని అణిచే రెగ్యులేటరీ టీ కణాలకు ఫాక్స్‌పీ3 గుర్తు. వాటి మీద పనికి 2025లో నోబెల్ కూడా వచ్చింది. దాడిని అణిచేవి గడ్డలో ఎక్కువుంటే పేషెంట్‌కు కీడే అనుకుంటాం. 2006లో స్పెయిన్ నుంచి వచ్చిన ఫాలిక్యులర్ లింఫోమా పేపర్‌లో అవి ఎక్కువున్నవాళ్ళే ఎక్కువకాలం బతికారు. బహుశా అవి క్యాన్సర్ బీ కణాలనూ, వాటికి అండగా ఉన్న టీ కణాలనూ కూడా అణుస్తున్నాయేమో. మంచోళ్ళు, చెడ్డోళ్ళు అని బోర్డు పెట్టి కణాల బొమ్మలు గీసిన నా పాత సెమినార్ స్లైడ్లు ఇవాళ డిలీట్ చేశాను.

జూన్ 9

స్టెయిన్ లేకుండా అయ్యే పని ఏదైనా ఉందా అని మామూలు రక్తపరీక్ష కాగితాలు ముందేసుకున్నాను. లింఫోసైట్ల సంఖ్యను మోనోసైట్ల (రెండూ తెల్లరక్తకణాలే) సంఖ్యతో భాగిస్తే వచ్చే నిష్పత్తి తక్కువగా ఉన్న లింఫోమా పేషెంట్ల ఫలితాలు అంత బాగుండవని చాలా అధ్యయనాల్లో వచ్చింది. మోనోసైటే గడ్డలోకి వెళ్ళి మాక్రోఫేజ్ అవుతుంది కాబట్టి ఆలోచనలో అర్థముంది. ఖర్చు దాదాపు సున్నా.

కానీ గీత ఎక్కడ గీయాలో ఒక్కో పేపర్ ఒక్కో అంకె చెబుతుంది. పైగా మన పేషెంట్ల రక్తం లింఫోమా కథ ఒక్కటే చెప్పదు. స్టెరాయిడ్ సూది పడితే లింఫోసైట్లు దిగిపోతాయి. టీబీ కూడా ఉంటే మోనోసైట్లు పెరగొచ్చు. అందుకే కాగితం మీద ఇంకో గడి గీశాను: "రక్తం తీయకముందు ఏం మందులు వాడారు?" ఆ గడి సగం ఖాళీగానే ఉంటుందని నాకు తెలుసు.

జూన్ 21

పేషెంట్లు ఎలా ఉన్నారో కనుక్కోవడానికి ఫోన్లు చేసే పని. ఇది ఎవరూ నేర్పలేదు.

కొన్ని నెంబర్లు మనుగడలో లేవు. ఒకరు హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రికి పోతున్నామన్నారు, బాగానే ఉన్నారు. పాలమూరు వైపు ఒకరి ఇంటివాళ్ళు పనికి పుణె వెళ్ళారని పక్కింటాయన చెప్పాడు. ఒక నెంబర్‌కు భార్య ఎత్తింది. నేను ఎవరో చెప్పేలోపే, "ఆయన లేడు బిడ్డా, ఏమన్న కాయితాలు గావాల్నా?" అంది. ఏమీ వద్దమ్మా అని పెట్టేశాను. ఆ రోజుకు ఇంక ఫోన్ ముట్టలేదు.

ఎంతమంది ఎన్నాళ్ళు బతికారో గ్రాఫు గీసే కప్లాన్-మైయర్ పద్ధతిలో జాడ తెలియనివాళ్ళను చివరిసారి కనిపించిన రోజు దాకా లెక్కలో ఉంచుతాం. 1958 నుంచి ప్రపంచమంతా చేసేది అదే. దాని వెనక ఒక నమ్మకం ఉంది: జాడ తెలియనివాళ్ళు, తెలిసినవాళ్ళలాంటివాళ్ళే అని. ఇక్కడ అది నిజమా? బాగా జబ్బుచేసి ఆస్పత్రి మానేసినవాళ్ళే ఎక్కువ మాయమైతే నా గ్రాఫు ఉన్నదానికన్నా అందంగా కనిపిస్తుంది.

జూన్ 28

మేడంతో గంటన్నర. వయసు, దశ, రక్తంలో ఎల్‌డీహెచ్, ఒంట్లో సత్తువ, గ్రంథుల బయటికి పాకిందా: 1993 నుంచి వాడుతున్న ఐపీఐ అనే లింఫోమా జోస్యపు స్కోరులో అయిదు అంశాలు. మాక్రోఫేజ్ లెక్క వీటికి అదనంగా ఏమైనా చెబుతుందని అనాలంటే ఒక్కో అంశానికి పదిమందికైనా చెడు జరిగిన లెక్క ఉండాలని స్టాటిస్టిక్స్‌లో ఒక మోటు నియమం. నా దగ్గరున్న బ్లాకులతో అది అయ్యేది కాదు. అందులోనూ ఒకరికి రిటుక్సిమాబ్ అందింది, ఒకరికి అందలేదు. అందరినీ ఒకే కుప్పలో పోస్తే కుక్క కథ మళ్ళీ మొదటికి.

ఒక రోజంతా మొహం వేలాడేసుకున్నాను. మేడం అన్నారు, "జోస్యం నీ వల్ల కాదు. కొలత అవుతుంది కదా."

అందుకని థీసిస్ పేరు మారుస్తున్నాం. పేషెంట్ భవిష్యత్తు అనే మాట పోయింది. మా ల్యాబులో, మా నీళ్ళతో, మా కుక్కర్‌తో సీడీ68ను ఇద్దరు మనుషులూ ఒక సాఫ్ట్‌వేరూ లెక్కపెడితే ఎంతవరకు ఒకటే చెబుతారన్నదే ఇప్పుడు ప్రశ్న. ఫోన్లలో దొరికిన సమాచారం అనుబంధంలోకి పోతుంది, గ్రాఫు లేకుండా.

సెమినార్‌లో చెప్పుకోవడానికి ఇందులో పెద్ద మెరుపేం లేదు.

జూలై 2

మార్చిన సినాప్సిస్ ఇచ్చేశాను. పిగ్మెంట్ తీసిన స్లైడు ఎండింది. నా లెక్క చదరపు మిల్లీమీటరుకు 71, జూనియర్‌ది 66, క్యూపాత్‌ది 78. రెండో విడతకు ఇంకో నాలుగు బ్లాకులు దొరికాయి, ఒకదాని మీద నెంబరు చెరిగిపోయింది. రిజిస్టర్‌లో తేదీ పట్టుకుని వెతకాలి.

కరెంటొచ్చింది. అన్న లోపలి నుంచి కేకేస్తున్నాడు, "సారూ, బఫర్ కలిపినవా? కుక్కర్ పెడ్తున్న."